దసరా కారు ఖాళీగా వస్తది

సెంటినరీ కాలనీల కొత్త కారు ఎప్పుడు కొంటే మంచిదని ఎవరినడిగినా దసరానాడే అంటరు. ముహూర్తం గొప్పదని కాదు. ఆనాడు బొగ్గుబాయిలన్నీ బందుంటయి, ఎవ్వరూ లోపలికి దిగరు. దిగనినాడు పోయేదెవరు? అందుకే దసరా కారు ఖాళీగా వస్తది.

వేరే దినాలల్ల కొంటే, ఏ ఏడన్నా అదే దినం బాయిల పానం పోయిన మనిషి వచ్చి వెనక సీట్ల కూసుంటడు. దానికెవరూ పరేషాన్ కారు. ఎడమదిక్కు అద్దం జరంత దించి పెడ్తరు, గాలాడాలె గదా పాపం. కూరగాయల సంచి పెట్టేటప్పుడు "జరుగు కాకా" అంటరు. ఆయన జరుగుతడు. ఎప్పుడో ఒకనాడు తనకు కావాల్సిన కాడ దిగిపోతడు. దిగినోడు మళ్ళ ఏ కారూ ఎక్కడు.

గోదావరిఖనిల కార్లమ్మే సాబిర్ దగ్గరికి పూలమ్మ కొడుకును తీస్కొని వచ్చింది. "తొలి ఏకాదశినాడు కావాలె తమ్మీ" అన్నది.

సాబిర్ చేతిల ఉన్న చాయ్ కింద పెట్టిండు. "ఆషాఢంల ధర తగ్గుతది గని అక్కా, ఆనాడు..."

"ఎరుకే. మా ఆయన."

పూలమ్మ పెనిమిటి ముత్యం తొలి ఏకాదశినాడే పేలపిండి డబ్బ పట్టుకొని డ్యూటీకి పోయిండు. బాయిల కప్పు కూలింది. ఆయన కొలువు కొడుకు కిషన్‌కు ఇచ్చిన్రు. పొల్లగానికి బాయంటే పానం మీదికొస్తది. పొద్దుగాల డ్యూటీకి పొయ్యే ముందు క్వార్టర్ వెనక్కి పోయి కక్కుకుంటడు. అవ్వకు వినపడొద్దని నల్లా తిప్పి పెడ్తడు. వినపడకుంట ఉంటదా! నల్లా చప్పుడైతే చాలు, పూలమ్మకు చేతిల రొట్టె చేతిలనే ఉంటది.

బయటికి రాంగనే కిషన్ ఆగిండు. "దసరాకే తీద్దామే అవ్వా. నాతోనే బాయి బందు, నా కొడుకు దిగొద్దని బాపు ఎన్నిసార్లు అన్నడు! నెత్తిమీద ఆయన టోపీయే పెట్టుకొని మొఖమెట్ల చూపియ్యాలె?"

"చూడనియ్యి. కొలువు ఇడిచిపెట్టమని నేనంటే ఇంటున్నవా?"

"ఇడిచిపెడ్తే తినుడెట్ల?"

"అదే ఆయనతోని చెప్పు. ఏమంటడో అననియ్యి."

తొలి ఏకాదశినాడు సాబిర్ తాళంచెవి చేతిల పెట్టేసరికే ముత్యం వెనక సీట్ల ఉన్నడు. భుజాల మీద బొగ్గు పొడి, కాళ్లకు బూట్లు. పూలమ్మ ముందు సీటు తట్టు గూడ చూడలె, పోయి ఆయన పక్కనే కూసున్నది. దారి పొడుగునా ఒకటే ముచ్చట. మోకాళ్ల నొప్పులు, పక్క క్వార్టరోళ్ల కోడలు, ఇంటి కప్పు కారుడు, అన్నీ చెప్పింది. పేలపిండి పిడికెడు చేతిల పెట్టింది. ఆయన తిన్నడు. ఆమె ఏడ్సుకుంట నవ్వింది.

"కార్ల గోలేటి తీస్కపోత, మీ అక్కింటికి అంటివి. యాదికున్నదా? రేపు పొల్లగాని షిఫ్టు అయినంక పోదాం."

ముత్యం తలూపిండు. అద్దంల కిషన్ ఆయన కండ్లు చూసి చూపు దించుకున్నడు.

తెల్లారి క్వార్టర్ వెనక నల్లా తిరిగింది. ముత్యం కార్ల కూసొని ఆ చప్పుడు అయిపొయ్యేదాకా ఇన్నడు. ముగ్గురు బాయి కాడికి పోయిన్రు. గేటు ముందట కిషన్ సీటు బెల్టు తీయబోతే ఊడి రాలేదు. వెనక నుంచి బొగ్గు చెయ్యి వచ్చి బెల్టు తీసింది. ఆ చెయ్యే ఒళ్లె ఉన్న టోపీని అందుకున్నది.

"ఇటు తే బిడ్డా" అన్నడు ముత్యం.

పూలమ్మకు ముందు అర్థమయింది. ఆయన అంగీ పట్టుకున్నది. "వద్దయ్యా! నేను గిందుకు తేలే నిన్ను. గోలేటి పోదామంటివి గదా!"

"పొల్లగాడు తోల్కపోతడు తియ్యి" అన్నడాయన. ఆమె వేళ్లు ఒక్కొక్కటి మెల్లగా ఇడిపించి దిగిండు. టోపీ పెట్టుకొని, ఫస్టు షిఫ్టోళ్ల నడుమ కలిసి లోపలికి పోయిండు.

కిషన్ "బాపూ" అనుకుంట ఉరికిండు. షిఫ్టు చూసే సర్దార్ గేటు కాడ అడ్డం నిలబడ్డడు. "ఎటు తమ్మీ? మీ బాపు మస్టర్ పడ్డది, హాజరు రాసుకున్నం. కొలువు ఒక్కటే గదా, ఇద్దరెట్ల చేస్తరు? ఇంటికి పో."

షిఫ్టు అయింది. అందరూ పైకి వచ్చిన్రు. ముత్యం రాలె. పూలమ్మ కార్ల కూసొనే ఉన్నది. రెండో షిఫ్టోళ్లు దిగిన్రు, మూడో షిఫ్టోళ్లు దిగిన్రు. కిషన్ బతిలాడి బతిలాడి ఇంటికి తెచ్చిండు.

ఇప్పుడు కిషన్ ఆ కారు కిరాయికి తోలుతడు. మంచిర్యాల, జైపూర్ అని దినమంతా ఎండల తిరుగుతడు, కడుపు నిండ తింటడు. క్వార్టర్ వెనక నల్లా పొద్దుగాల తిరుగుతలేదు. పూలమ్మ అది చూసి సంతోషపడ్తది, వెంటనే ఏడుస్తది. గోలేటి పోదామే అని కొడుకంటే, "షిఫ్టు కానియ్యి" అంటది.

మళ్ళ తొలి ఏకాదశి వచ్చింది. పూలమ్మ ఒక్కతే సాబిర్ దగ్గరికి పోయింది. అక్కడ జాతర తీర్గ జనం. ఆషాఢమని గూడ చూస్తలేరు.

"ఏంది తమ్మీ గింతమంది?"

సాబిర్ ఆమె దిక్కు చూడలేకపోయిండు. "దసరా లెక్కనే ఈ దినం గూడ మంచిదైంది అక్కా. కార్లు ఖాళీగా వస్తున్నయి."

పూలమ్మ కొంగుల కట్టుకొచ్చిన పేలపిండిని గట్టిగ పట్టుకున్నది. "ఇంకో కారు తీస్తే రాడా?"

"రాడక్కా" అన్నడు సాబిర్. "బావ డ్యూటీల ఉన్నడు."