లింగప్ప కుడి కన్ను

మారెమ్మ గుప్పిట మూసి మొగుడి ముఖం ముందు పెట్టింది. లింగప్ప ఎడమ కన్నును అరచేత్తో కప్పుకొని, కుడి కన్ను చిట్లించి చూశాడు.

"ఎన్ని?" అంది.

"ఒగటీ లేదు. గుప్పిట మూసినావు."

కంటి ఆపరేషనయిన ఈ ఎనిమిది నెలలుగా ఆమె రోజూ పొద్దున చుక్కలమందు వేసి వేళ్లు చూపిస్తోంది. అతను ఏదో ఒక అంకె చెబుతున్నాడు. ఊహించి చెప్పేవాడికి ఖాళీ గుప్పిట తట్టదు. మారెమ్మ లోపలికి పోయి సంగటి క్యారేజీ తెచ్చిచ్చింది.

ముదిగుబ్బ దగ్గర రెండెకరాల్లో వేరుశనగ వరసగా నాలుగేళ్లు మొలిచి మాడిపోయాక లింగప్ప ధర్మవరం వచ్చి పట్టు అద్దకం షెడ్డులో చేరాడు. ఇరవై రెండేళ్లయింది. మోచేతుల దాకా రంగులు చర్మంలోకి ఇంకిపోయి, ఏ సబ్బుకూ వదలని ఒక మబ్బు రంగు మిగిలింది. షెడ్డు అతనిది కాదు, పట్టు అతనిది కాదు. అతను అద్దిన పట్టుతో నేసిన చీర మారెమ్మ ఒక్కటీ కట్టలేదు.

రెండేళ్ల కిందట పచ్చిపట్టు ఉడికించే సోడా నీళ్లు ఎగిరి కుడి కంట్లో పడ్డాయి. నల్లగుడ్డు మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర కమ్మింది. రాత్రీ పగలూ మంట.

హైదరాబాదు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. బాగున్న ఎడమ కంటి అంచు నుంచి నువ్వుగింజంత ముక్క తీస్తారు. దాన్ని తునకలు చేసి కాలిన కంటి మీద అతికిస్తే, అందులోని మూలకణాలు పాకి కొత్త పొర కడతాయి. మారెమ్మ ఒప్పుకోలేదు.

"ఉండే కన్ను గూడా పోతే నిన్ను ఎవురు నడిపిస్తారు?"

లింగప్ప డాక్టరమ్మను ఒక్కటే అడిగాడు.

"ఎవురిదమ్మా పెట్టేది?"

"మీదే. మీ కంటిదే మీకు."

"గరిక తుంచి గట్టున నాటితే పాకినట్లా?"

అంతేనందామె. అతను వేలిముద్ర వేశాడు. ఆ తర్వాత షెడ్డులో ఎవరు అడిగినా అదే చెప్పేవాడు. "నాదే. ఇంగొకరిని అడగల్యా."

ఆవిరి తగలకూడదని కూడా ఆసుపత్రిలో చెప్పారు.

"మళ్లా ఈ పొగలోనే నిలబడితే ఎట్లప్పా?" అన్నాడు బయ్యన్న ఆ పొద్దున షెడ్డులో, తొట్టి కింది పొయ్యిలోకి కట్టెలు తోస్తూ. ఇద్దరూ ఒకే ఏడు పనిలో చేరినవాళ్లు.

"యాడికి పోవల్ల? నాకు ఇంగేం పని వస్తాది?"

మధ్యాహ్నానికి రేకుల కప్పు కింద గాలి ఆడలేదు. లింగప్ప సంగటి సగంలోనే వదిలేశాడు. ఎడమ భుజం లాగుతోందన్నాడు. బయ్యన్న కూర్చోమంటే, ఎరుపు తొట్టి అయిపోనిమ్మని లేచాడు. పట్టుదారాల కట్ట చిలపను కర్రకు వేలాడదీసి రంగులో ముంచి, ఎడమ కన్ను మూసుకొని వంగాడు.

"బయ్యన్నా, ఎరుపు తెలుస్తాండాది."

"నిజంగానా?"

"ఊ. ఇంగా కొంచెం పట్టల్ల."

బయ్యన్న కట్టెల కోసం బయటికి వెళ్లి వచ్చేసరికి లింగప్ప గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. తొట్టిలో చిలప కదలడం లేదు. రంగు సమంగా పట్టాలంటే పట్టును తిప్పుతూనే ఉండాలి. తిప్పడం ఆపి అతను కూర్చోవడం బయ్యన్న ఎన్నడూ చూడలేదు. భుజం తట్టాడు. మనిషి పక్కకు ఒరిగాడు.

పక్క వీధి డాక్టరు వచ్చి నాడి పట్టి చూసి, గుండె ఆగిందని చెప్పి వెళ్లాడు. ఆటోలో మారెమ్మ వచ్చింది. ఏడవకుండా పక్కన కూర్చొని ఎడమ కంటి రెప్ప దించింది. కుడి కంటి దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. తెల్లపొర అంచులకు తొలగి, నడుమ నల్లగుడ్డు తేటగా ఉంది.

"అన్నా, సబ్బు ఉండాదా?"

కడగని చేత్తో ఆ కన్ను ముట్టుకోవద్దని ఆసుపత్రిలో ఆమెకు గట్టిగా చెప్పారు. బయ్యన్న సబ్బు, చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఆమె మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. కొంగుతో తుడుచుకోబోయి మానుకొని, తడి చేతులు ఆరేదాకా పట్టుకొని కూర్చుంది. అప్పుడు మూసింది.

లింగప్పను ఇంటికి తీసుకుపోయాక తొట్టి కింద మంట ఆరిపోయింది. సాయంత్రం బయ్యన్న వచ్చి చిలపను పిండి దండెం మీద వేశాడు. మునిగిన సగం నల్లబడేంత ఎరుపు, కర్రను అంటుకొని ఉన్న సగం లేత గులాబీ. ఏ మగ్గానికీ పనికిరాని ఆ పట్టు నేల మీదికి ఒక్కొక్క చుక్కే రాలుస్తూ అక్కడే వేలాడింది.