రెండు డబ్బాల్లో బెండకాయ వేపుడు

తెర మీద మనీలా ఆఫీసులో మేనేజరు ఒక భోజనం డబ్బా మూత తీసి వాసన చూశాడు. తర్వాత పక్క బల్ల మీది డబ్బా తీశాడు. రెండింట్లోనూ ఒకటే కోడికూర. ఒకే ప్రమోషన్ కోసం పైకి కొట్టుకుంటూ, చాటుగా ప్రేమించుకుంటున్న హీరో హీరోయిన్లు దొరికిపోయారు. మధ్యాహ్నం తింటూ సినిమా చూస్తున్న చెర్రీవుడ్ ఆఫీసు క్యాంటీన్ మొత్తం గొల్లుమంది.

లోహిత మాత్రం ఎత్తిన ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

ఆమె ఒళ్ళోని డబ్బాలో పల్లీలు వేసిన బెండకాయ వేపుడు. రెండు వరసల ముందు కూర్చున్న గిరీష్ డబ్బాలోనూ అదే. పొద్దున తనే సర్ది ఇచ్చింది. మధ్య వరసలో ఉన్న ప్రాజెక్టు డైరెక్టర్ వసుంధర గిరీష్ డబ్బాలోకి తొంగి చూసింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి లోహిత ఒళ్ళోకి చూసింది. మిగతావాళ్ళకి బెండకాయంటే బెండకాయే. విజయవాడ మనిషైన వసుంధరకు అది ఒకే చేతి వంటని ఇట్టే తెలుస్తుంది.

లోహిత మూత పెట్టేసింది. అప్పటికే ఆలస్యమైంది.

మూడింటికి టీమ్ లీడ్ ఇంటర్వ్యూలు. పోటీలో మిగిలింది తనూ గిరీషే. ప్యానెల్లో వసుంధర ఉంది. ఒకే టీమ్‌లో ప్రేమ వ్యవహారముంటే ఇంటర్వ్యూకి ముందే కంపెనీకి చెప్పాలి. చెప్తే ఒకరు ఆ టీమ్ వదలాలి. దాచి దొరికితే ఉద్యోగమే పోతుంది, దాంతో ముడిపడిన, ఈ దేశంలో ఉండే పర్మిట్టూ పోతుంది.

వసుంధర ముందుకు వంగి గిరీష్ భుజం తట్టింది. ఇద్దరూ బయటికెళ్ళారు.

సినిమా తెచ్చిన ఫిలిప్పీన్స్ పిల్ల మారిసెల్ మోచేత్తో పొడిచింది. "ఏంటా మొహం? చివర్లో అందరూ డాన్స్ చేస్తారులే!"

"మేనేజరు కూడానా?"

"ముందు అతనే!"

లోహితకు నవ్వు రాలేదు. గిరీష్ ఒప్పుకుంటున్నాడా, బొంకుతున్నాడా? మెసేజ్ పెట్టింది. అతను చూడలేదు. మళ్ళీ పెట్టింది. తెర మీద హీరోయిన్ వానలో పరిగెడుతోంది. తలుపు తెరుచుకుంది. వసుంధర ఒక్కతే నిలబడి వేలితో పిలిచింది.

లోహిత ఆమె వెనకే ఆమె గదిలోకి వెళ్ళింది.

"కూర్చో అమ్మాయ్. గిరీష్‌తో మాట్లాడాను. ఏం చెప్పాడో చెప్పను. నీ మాట నువ్వు చెప్పు. అతని కూర ఎవరు చేశారు?"

తెలీదంటే? అతను ఒప్పేసుకుని ఉంటే తను దొంగ. ఒప్పుకుంటే? అతను కాదని ఉంటే తన నోటితో తనే అతన్ని ముంచినట్టు.

"అంత ఆలోచించాల్సిన వంటా అది?"

"నేనే వండిన మేడం." "ఏడాది సంది నేనే వండుతున్న. పెళ్ళి చేసుకుందామనుకుంటున్నం. ముందే చెప్పాల్సింది. భయమయ్యి చెప్పలే."

వసుంధర కుర్చీలో వెనక్కి వాలింది. "నేవన్ ఊళ్ళో తనతో ఉండే రూమ్మేట్ చేశాడన్నాడు. బాలశౌరి అట."

బాలశౌరికి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు.

"నన్ను కాపాడనీకే అట్ల చెప్పిండు మేడం..."

"తెలుసు. అయినా ప్యానెల్‌కి అబద్ధం చెప్పినవాణ్ణి ఇంటర్వ్యూలో కూర్చోబెట్టలేను. ఉద్యోగం జోలికి పోను, వేరే టీమ్‌కి మారుస్తాను. నువ్వు ఇంటర్వ్యూకి ముందే నిజం చెప్పావు. మూడింటికి రా."

"నేను కూడా తప్పుకుంట."

"సినిమా వేషాలెయ్యకు. వెళ్ళు."

కారిడార్లో గిరీష్ గోడకి ఆనుకుని ఉన్నాడు. "చెప్పేశావా?"

"చెప్పిన. నువ్వట్ల అంటవని నాకేం తెలుసు? బాలశౌరి ఏందిరా?"

"ఆ క్షణంలో నోటికి వాడే వచ్చాడు. ఇక నాకు ఇంటర్వ్యూ లేనట్టేగా?"

ఆమె తలూపింది. గిరీష్ కిటికీ వైపు తిరిగి లువాస్ ట్రామ్ స్టాప్‌ను చూడసాగాడు. అంతసేపూ లోహితకు పర్మిట్ గుర్తు రాలేదు, పదవి గుర్తు రాలేదు. ఇతను ఇటు తిరుగుతాడా లేదా అన్నదొక్కటే భయం.

తిరిగాడు. "కోపంగా ఉంది. బాగా. రెండ్రోజులుంటుంది."

"ఉండనీ."

"కానీ నా మీద జాలితో లోపల ఇంటర్వ్యూ చెడగొట్టుకొచ్చావనుకో, అప్పుడు నీతో నిజంగానే మాట్లాడను."

అప్పటికి మూడయింది. ఇంటర్వ్యూ గదిలోంచి ఎవరో ఆమె పేరు పిలిచారు. లోహిత తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళింది.