ఆయన ‘నువ్వు’ అన్నారు

మా అక్కకి సంతోషం వస్తే వీధి చివరిదాకా వినపడుతుంది. ఆ సాయంత్రం మాత్రం కొట్టు తలుపు దగ్గరికి వేసి, నా పక్కన చతికిలబడి, గుసగుసగా చెప్పింది.

"మేడాయన మన పిల్లని ‘నువ్వు’ అన్నాడటే."

నేను కోటుకి కాజాలు కుడుతున్నాను. "అయితే?" అన్నాను.

"అయితే ఏంటే మొద్దూ. మొన్నటిదాకా మీరు మీరు అన్నవాడు ఇవాళ నువ్వన్నాడు. మగవాడు ఊరికే అంటాడా ఆ మాట?"

ఊరికే అంటాడో, ఊరికే అనడో నాకేం తెలుసు. నన్ను ఏ మగవాడూ మీరు నుంచి నువ్వులోకి దింపలేదు. నా నోటికి జడిసి ఎవరూ రాలేదని అక్క చెబుతుంది. అంత బడాయి నాకు లేదు. ఎవరూ అడగలేదు, అంతే. అక్క పెళ్ళయినప్పుడు సాయానికని వచ్చి, ఇదిగో, ఈ టైలరింగ్ కొట్టులో కాజాలు కుడుతూ ఉండిపోయాను.

కొట్టంటే ముందు గది. రెండు కుట్టుమిషన్లు, మధ్యలో బావ బట్ట కత్తిరించే బల్ల. వెనక రెండు గదులు, వంటిల్లు. బావ కత్తిరిస్తాడు, అక్క కుడుతుంది, కర్టెన్ల పనంతా వాళ్ళమ్మాయిది. ఒక్కతే కూతురు. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల. నెమ్మదస్తురాలు. పని లేనప్పుడు బల్లకింద కాళ్ళు చాపుకుని నవల చదువుకుంటుంది. దాని పెళ్ళి మీద అక్కకి ఎంత బెంగంటే, కొట్టులోకి కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మగవాడినీ కాలివేళ్ళ నుంచి తల దాకా చూస్తుంది. కొలతలు తీసేది మాత్రం బావ.

మా వీధి ఎత్తు ఎక్కేచోట మేడ ఉంది. పెద్దాయన పోయాక చాలాకాలం తాళంపెట్టి ఉంది. ఈ మధ్య కొడుకు వచ్చి తెరిపించాడు. రంగులు వేయించి, ఇంటినిండా కర్టెన్లు కుట్టమని మనిషిని పంపాడు. మా పిల్ల టేపు మెడలో వేసుకుని వెళ్ళింది. మొదటి రోజు వచ్చి, "మర్యాదస్తుడు పిన్నీ, మీరు కూర్చోండి, మీకేమైనా కావాలా అని పదిసార్లు అడిగారు" అంది. అది మామూలుగానే చెప్పింది, నేనూ మామూలుగానే విన్నాను.

అక్క ఇలా నా చెవి కొరుకుతుంటే పిల్ల వంటింట్లోంచి టీ గ్లాసులు పట్టుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. అలాంటి ముఖం నేను ఆ పిల్లకి అంతకుముందు చూడలేదు.

"ఏం జరిగిందో మొదట్నించీ చెప్పవే, మీ పిన్ని నమ్మట్లేదు" అంది అక్క.

"ఏముందమ్మా. నేను కిటికీ కొలుస్తుంటే వచ్చారు. మీరు ఏ కంపెనీ నుంచి వచ్చారండీ అన్నారు. కంపెనీ కాదండీ, కింద టైలర్ కొట్టు మాదే అన్నాను. ఒక్కసారిగా నవ్వేశారు. ‘ఓ, మన టైలర్ కూతురివా నువ్వు? ముందే చెప్పొద్దూ, చిన్నప్పుడు నా చొక్కాలన్నీ మీ నాన్నే కుట్టాడు’ అన్నారు. ఆ తర్వాత టేపు రెండో చివర ఆయనే పట్టుకున్నారు. ‘నువ్వు చెప్పు, ఈ గదికి ఏ రంగు బావుంటుంది’ అని అడిగారు."

"విన్నావా?" అంది అక్క. "ఎవరి కూతురో కనుక్కున్నాడు. కనుక్కున్నాక పిలుపు మార్చాడు. ఇంకా ఏం కావాలి నీకు?"

బావ కత్తెర ఆపాడు. ఆయన ఇంట్లో మాట్లాడేది తక్కువ. మాట్లాడితే వెటకారం. ఈసారి వెటకారం లేదు.

"‘మీ నాన్నే కుట్టాడు’ అన్నాడా? ‘కుట్టారు’ అన్నాడా?"

పిల్ల ఆలోచించింది. "గుర్తులేదు నాన్నా. ఏదో ఒకటి."

కత్తెర మళ్ళీ కదిలింది. అక్క మాత్రం ఊరుకుంటుందా. "అన్నిటికీ ఈకలు పీకుతారు. అల్లుడయ్యాక కాళ్ళకి దండం పెట్టించుకుందురుగాని లెండి" అంది. బావకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అప్పుడే నేను ఆయన్ని గట్టిగా పట్టుకుని అడిగి ఉంటే ఏం చెప్పేవాడో. చెప్పేవాడు కాదు. కూతురు ముఖంలో అంత వెలుగుంటే ఏ తండ్రి దీపం ఆర్పుతాడు?

ఇక్కడ మెకానిక్ సంగతి చెప్పాలి.

మా మిషన్లు బాగుచేసే మెకానిక్ ఒకడున్నాడు. చిన్న పెట్టె పట్టుకుని వస్తాడు, నూనె మరకల చొక్కా, మనిషి శుభ్రం. మాట్లాడితే అండీ. మా పిల్లతోనూ అండీయే. "ఏమండీ, బాబిన్ ఒకసారి ఇస్తారా అండీ", "ఏమండీ, కుట్టి చూడండి". మిషన్ని కూడా అండీ అంటాడేమోనని నేను ఏడిపించేదాన్ని. చెవులు ఎర్రబడేవి గాని, అలవాటు మానలేదు. వాళ్ళమ్మ వచ్చి మా పిల్లని కోడలిగా ఇమ్మని అడిగింది. ఆలోచించి చెబుతామన్నాం. పిల్లని అడిగితే, "మంచాయనే" అంది. అందులో అయిష్టం లేదు, ఇష్టం కూడా కనబడలేదు. పెళ్ళిళ్ళు చాలావరకు అలాంటి మాట మీదే అవుతాయి, బాగానే ఉంటాయి. మేడ తలుపులు తెరుచుకోకపోతే ఇదీ అయ్యేదే.

‘నువ్వు’ వచ్చాక అక్కకి మెకానిక్ కంటికి ఆనలేదు.

"ఆ అండీ ఏంటే, చెవుల్లో ఈగ తిరిగినట్టు. రేపు పెళ్ళయ్యాక ఎవరు ఎవర్ని ఏమండీ అని పిలవాలి? పెళ్ళాన్ని మీరు అనేవాడికి పెళ్ళామంటే ప్రేమ ఉంటుందా?"

"ప్రేమ లేక కాదమ్మా" అంది పిల్ల, "ఆయన పద్ధతి అది."

"పద్ధతి వేరు, దగ్గరితనం వేరు. మనసులో ఉంటే నోట్లోంచి నువ్వని అదే వస్తుంది. నీకు తెలియదూ?"

పిల్ల తెలుసన్నట్టు నవ్వుకుంది. నవలల్లో కూడా అలాగే కదా ఉండేది. మీరు మీరు అనుకుంటూ ఒకరోజు నువ్వంటారు, పేజీ తిప్పితే పెళ్ళి. అక్క వెళ్ళి మెకానిక్ వాళ్ళమ్మకి కుదరదని చెప్పొచ్చింది. వెళ్ళేముందు పిల్లని అడిగిన మాట నిజం. "చెప్పేయనా?" అంటే, పిల్ల తల ఊపింది. బావ అక్కడే ఉన్నాడు. కోటు మెడ కత్తిరిస్తూ ఉన్నాడు.

తర్వాత ఆ కర్టెన్ల పని నడిచినన్నాళ్ళూ మా ఇంట్లో ఒకటే మాట. మేడాయన ఇవాళ ఏమన్నాడు? కిటికీ ఎక్కడానికి బల్ల తెచ్చి వేశాడట. ‘జాగ్రత్త, పడతావు’ అన్నాడట. ఎండలో నడిచి వెళ్తోందని కారులో దింపమన్నాడట. మధ్యాహ్నం వాళ్ళ వంటింట్లో తినమన్నాడట. అన్నీ నిజమే, ఒక్కటీ అబద్ధం కాదు. మనిషి అంత మంచివాడు. చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకుని ఊరుకునేవాళ్ళం.

పిల్ల మారిపోయింది. మిషన్ తొక్కుతూ కూనిరాగం తీసేది. లైనింగ్ వేయనక్కరలేని కర్టెన్లకీ లైనింగ్ వేసింది. ఎవరికీ కనపడని వెనకవైపు కూడా చేతికుట్టు వేస్తుంటే, "ఎందుకే ఈ చాకిరీ" అన్నాను. "ఆ ఇంట్లో ఉండేవి కదా పిన్నీ" అంది. ఆ ఇంట్లో ఉండేవి అంటే కర్టెన్లనే అనుకున్నాను. తనని కూడా కలుపుకుని అందని తర్వాత తట్టింది.

కర్టెన్లు తగిలించే రోజు ఒక్కదానివల్ల కాదని నన్ను కూడా తీసుకెళ్ళింది. ముందు గదిలో పిల్ల బల్లమీద నిలబడి కడ్డీకి రింగులు ఎక్కిస్తోంది, కింద నేను బట్ట బరువు పట్టుకున్నాను. ముదురు ఎరుపు. పిల్ల ఎంచిన రంగు, ఆయన ఒప్పుకున్న రంగు. గది నిండిపోయినట్టుంది.

అప్పుడు కారొచ్చింది. మేడాయన లోపలికి వచ్చాడు. వెంట ఒకమ్మాయి, ఆ అమ్మాయి తల్లీ తండ్రీ. ఆ అమ్మాయి మా పిల్ల ఈడుదే, ఒకటి రెండేళ్ళు చిన్నదేమో. గది చుట్టూ చూసింది. పొగరేం లేదు, బిడియంగానే ఉంది.

"మీకు నచ్చిందా?" అన్నాడు మేడాయన ఆ అమ్మాయితో. "మీరు ఉండబోయే ఇల్లు. మీకు ఏది నచ్చకపోయినా చెప్పండి, మార్పించేద్దాం."

నా చేతిలో బట్ట జారింది. పైకి చూశాను. పిల్ల కడ్డీ పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"ఆవిడెవరు?" అంది ఆ అమ్మాయి మెల్లగా.

"మన టైలర్ కూతురు. చాలా మంచి పిల్ల, పనిమంతురాలు." తలెత్తి నవ్వాడు. అదే నవ్వు అయి ఉంటుంది, ఇన్నాళ్ళూ మా ఇంట్లో మేం చెప్పుకున్న నవ్వు. "నువ్వు కాసేపు దిగమ్మా, వీళ్ళు కిటికీ చూస్తారు."

పిల్ల దిగింది. అప్పుడే కిటికీ బయట తోటమాలి కనపడ్డాడు. నడుం వంగిపోయిన ముసలాయన, మేడాయన తండ్రికన్నా పెద్దవాడు. మేడాయన కిటికీలోంచి పిలిచాడు. "తాతా, నువ్వు ఎండలో ఎందుకున్నావు? నీడకి రా, పడతావు."

అదే మెత్తదనం. అదే గొంతు. నిజంగా ఆ ముసలాయన పడతాడేమోనని బెంగ. నేను పిల్ల వైపు చూడలేకపోయాను.

ఎరుపు కాస్త ముదురుగా ఉందేమో అంది ఆ అమ్మాయి. లేతరంగైతే బావుంటుందంది. "దానికేముంది" అన్నాడు మేడాయన. "నువ్వు మళ్ళీ కుట్టేస్తావుగా?"

"కుడతానండీ" అంది మా పిల్ల.

దించిన కర్టెన్లు మడతపెట్టుకుని ఇద్దరం దిగువకి నడిచాం. కారులో దింపమంటానన్నాడు, వద్దని పిల్ల చెప్పింది. సగం దూరం వచ్చాక అంది.

"నేను ఎవరో తెలియనప్పుడు మీరు అన్నారు పిన్నీ. తెలిశాక నువ్వన్నారు. నేనే తిరగేసి చదువుకున్నాను."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ఆయన చేసిన తప్పేముంది? పుట్టినప్పట్నుంచీ ఆ మేడలో అలాగే పిలిచారు, అలాగే పిలుస్తాడు. పెళ్ళి చేసుకోబోయే పిల్లని మీరంటాడు, పనిచేసే పిల్లని నువ్వంటాడు, ఇద్దరినీ బాగా చూసుకుంటాడు. ఆయనకి మా ఇంట్లో జరిగింది చెబితే పాపం నొచ్చుకుంటాడు కూడా. అందుకే ఇంకా మండింది.

ఇంటికొచ్చి చెబితే అక్క ముందు నమ్మలేదు. తర్వాత ఏడ్చింది. తర్వాత ఏడుపు మానేసి బావ మీద పడింది. "వెళ్ళండి, ఆ మెకానిక్ దగ్గరికి వెళ్ళి మాట్లాడండి. మీరు మగవాళ్ళు, మీరు అడిగితే వేరు." బావ చొక్కా మార్చుకుని వెళ్ళాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి, వీధిలో తల దించుకుని వెళ్ళడం కొట్టు గుమ్మంలోంచి చూశాను.

తొందరగానే వచ్చేశాడు. "మాట ఇచ్చేశామండీ అన్నాడు" అని కూర్చున్నాడు. "వాళ్ళమ్మ వేరే సంబంధం ఖాయం చేసిందట. నాకు మంచినీళ్ళిచ్చాడు, గేటు దాకా వచ్చి సాగనంపాడు. నన్నేం అనలేదు." పిల్ల వైపు చూడకుండా అన్నాడు. "ఆ రోజే నాకు అనుమానం తల్లీ. కుట్టాడన్నాడా, కుట్టారన్నాడా అని అందుకే అడిగాను. చెప్పలేకపోయాను."

"చెప్పినా వినేదాన్ని కాదు నాన్నా" అంది పిల్ల.

ఆ తర్వాత కొత్త బట్ట వచ్చింది, లేతరంగు. నేను ఊరుకోలేక నోటికొచ్చినట్టు అరిచాను. ఈ పని మనం చెయ్యక్కర్లేదు, బట్ట వాళ్ళ ముఖాన కొట్టి వద్దాం, కావాలంటే నేనే వెళ్ళి కొడతానన్నాను. పిల్ల ఎర్రకర్టెన్ల కుట్లు విప్పుతోంది, లైనింగ్ పాడవకుండా. తల ఎత్తకుండానే చెప్పింది.

"వద్దు పిన్నీ. నేనే వెళ్తాను."

"ఎందుకే? ఇంకా ఏం చూద్దామని?"

"ఆయన్ని." దారం తెంపింది. "నువ్వు తిడతావని తెలుసు. అన్నీ తెలిశాక ఇష్టం పోవాలి కదా? రోజూ పొద్దున లేచి చూసుకుంటున్నాను, పోలేదు. ఆయన నువ్వన్నది ఎందుకో తెలిసినా, ఆ మాట వింటే బాగానే ఉంటుంది. మెకానిక్ ఆగి ఉన్నా నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఆ మంచాయనకెందుకు ఈ బాధ."

"పెళ్ళయ్యాక ఆవిడ ఉంటుందే అక్కడ."

"ఉంటుంది. ఆ ఇంట్లో కర్టెన్లు మాసిపోతాయి, చిరుగుతాయి, కుదించుకుపోతాయి. అప్పుడు నన్నే పిలుస్తారు. పనిమంతురాలినని ఆయనే అన్నారుగా."

నా నోటికి భయపడని మనిషి మా వీధిలో లేడు. ఆ రోజు మాత్రం పిల్ల పక్కన కూర్చుని కుట్లు విప్పాను. పిల్ల ఎంత నెమ్మదిగా చెప్పిందంటే, రాబోయే సంవత్సరాలన్నీ అప్పటికే మడతపెట్టి పక్కన పెట్టేసుకుందని తెలిసిపోయింది. ఈ కొట్టులో నా తర్వాత ముసలిదయ్యే మనిషి ఎవరో కూడా తెలిసింది.

లేతరంగు కర్టెన్లు తయారైన పొద్దున అది టేపు మెడలో వేసుకుని, అద్దం ముందు చాలాసేపు నిలబడింది. నా వైపు తిరిగి, "జడ బాగుందా పిన్నీ?" అని అడిగింది.

బాగుందన్నాను. ఇంకేం అనను.