అరువు కోటు

నేను ఒక కోటును. మోకాళ్ళ దాకా వచ్చే ఉన్ని కోటును. పైన ముదురు ద్రాక్షపండు రంగు, లోపల జారుడు బట్టతో బూడిదరంగు లైనింగ్, ముందు ఆరు నల్ల బొత్తాలు. ఉండేది గుంటూరులో. మే నెలలో కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే ఊళ్ళో ఉన్ని కోటుకేం పని అని మీరు అడుగుతారని నాకు తెలుసు. చాలా ఏళ్ళు నన్ను నేనూ అదే అడిగాను.

పుట్టింది లూధియానాలో. ఇరవై మంది వరసగా కూర్చున్న రేకుల షెడ్డులో ఒకరు చేతులు కుట్టారు, ఒకరు కాలరు, ఒకరు జేబులు. జేబులు కుట్టినాయన పక్కవాడితో ఏదో పెళ్ళి భోజనం గురించి చెబుతూ కుడి జేబు మూలన రెండు కుట్లు వదులుగా లాగాడు. ఆ మనిషి మీద నాకేం కోపం లేదు. ఆ రెండు కుట్ల సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

నన్ను కొన్నది వైదేహిగారు. ఢిల్లీలో మూడేళ్ళు ఉద్యోగం చేసి, బదిలీ మీద సొంత ఊరికి వచ్చేస్తూ నన్ను కూడా తెచ్చారు. బీరువాలో పట్టుచీరల పక్కన, నాలుగు కలరా ఉండల కాపలాలో వేలాడదీశారు. ఇక నా బతుకింతే అనుకున్నాను. కానీ గుంటూరు జనం విదేశాలు తిరగడం మొదలుపెట్టారు.

కోటు కోసం వచ్చేవాళ్ళు ముందే కోటు సంగతి ఎత్తరు. కాఫీ తాగుతారు. పిల్లల చదువులు అడుగుతారు. మెట్ల దాకా వెళ్ళి, "అక్కడ చలి బాగా ఉంటుందంటండీ" అంటారు. వైదేహిగారు నవ్వుకుంటూ బీరువా తాళం తీస్తారు. అలా నేను స్విట్జర్లాండు నాలుగుసార్లు, లండన్ రెండుసార్లు, బదరీనాథ్ ఒకసారి చూశాను. వాళ్ళందరి ఫోటోలు ఒకచోట పెడితే, మెడ కింద ఒకే మనిషి ఊళ్ళు తిరుగుతూ మెడ పైన తలలు మార్చుకున్నట్టు ఉంటుంది.

రెండోసారి నన్ను లండన్ తీసుకెళ్ళిన ఒకావిడ గుంటూరు ఇంటి తాళాల గుత్తిని పది రోజులూ నా కుడి జేబులోనే ఉంచుకుంది. లండన్ వీధుల్లో ఆ తాళాలతో ఏం తెరుద్దామనో ఆమెకే తెలియాలి. ఆ బరువుకి వదులు కుట్లు రెండూ తెగి, జేబు మూలన శనగగింజంత చిల్లు పడింది. ఎవరూ చూడలేదు. నాకు తెలుసు. చెప్పేందుకు నాకు నోరు లేదు, ఉన్నవి బొత్తాలే.

ఆ తర్వాతి నవంబరులో నన్ను అడిగి తీసుకెళ్ళింది కనకవల్లి. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కూడా వచ్చింది ఆమె స్నేహితురాలు సుభాషిణి, అరండల్‌పేటలో ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కుట్టి కూడబెట్టుకున్న డబ్బుతోనే వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా సాయంత్రంపూట ఇద్దరూ కలిసే నడుస్తారు. ఒకరింట్లో చేసిన కూర ఇంకొకరింటికి గిన్నెతో వెళ్తుంది, ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాదు. వంటమనిషిని కూడా వెంటబెట్టుకుని తిరిగే టూరు వాళ్ళతో యూరప్ బయల్దేరారు. నేను వల్లి ఒంటి మీద. సుభ మాత్రం రెండు స్వెట్టర్లు, ఒక శాలువా, చీర కింద బూట్లు.

బుడాపెస్టులో ఒక రోజు ఎవరికి వాళ్ళు తిరగొచ్చన్నారు. సాయంత్రం ఆరింటికి బస్సు దగ్గరుంటే చాలు. ఇద్దరూ బడిగంట కొట్టినట్టు పొద్దున్నే బయటపడ్డారు.

మొదట పెద్ద మార్కెట్టు. రైల్వే స్టేషనంత ఎత్తు కప్పు కింద వరసగా కొట్లు. ప్రతి కొట్టు ముందూ ఎండు మిరపకాయల దండలు వేలాడుతున్నాయి. ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు.

"మిర్చి యార్డు ఊళ్ళో పుట్టి, ఇంత దూరం వచ్చి మిరపకాయలు చూట్టమేందే!" అంది సుభ.

కొట్టావిడ కారప్పొడి కొంచెం చెంచాలో వేసి ఇస్తూ, జాగ్రత్త అన్నట్టు నోటి ముందు చెయ్యి విసురుకుని చూపించింది. సుభ చెంచాడూ నాలిక మీద వేసుకుని, ఆమె కళ్ళలోకి చూస్తూ చప్పరించింది.

"ఇది కారమా, రంగా? పేరంటంలో బొట్టు పెట్టుకోడానికి పనికొస్తది."

"నెమ్మదే, ఆవిడకి అర్థమైతే కొడుతుంది" అంది వల్లి నవ్వుతూ. ఆ కారాన్నే తలా నాలుగు పొట్లాలు కొన్నారు, గుంటూరులో పంచడానికి.

నవ్వీ నవ్వీ వల్లికి ముక్కు కారడం ఎక్కువైంది. ఆ చలికి తుడిచీ తుడిచీ ముక్కు ఎర్రబడింది. తుడుచుకున్నప్పుడల్లా కాగితం ముక్కుపుడకకి పట్టుకుంటోంది. ఒంటిరాయి వజ్రపు ముక్కుపుడక. వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఆఖరి రోజున తనంతట తానే తీసి, వల్లి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ఆనాటి నుంచి పదకొండేళ్ళు వల్లి ముక్కు నుంచి అది దిగలేదు. ఇప్పుడు నొప్పికి ఓర్చుకోలేక తీసి, మర బిగించి, నా కుడి జేబులో వేసుకుంది.

"పర్సులో పెట్టుకోవే" అంది సుభ.

"పర్సు సంచి అడుగున ఉంది. తర్వాత పెడతాలే."

ఆమె మూడడుగులు వేసేసరికే ముక్కుపుడక చిల్లులోంచి జారింది. లైనింగ్ లోపల మెల్లగా దిగి, నా కింది అంచు మడతలో, కుడివైపు మూలకి చేరి ఆగింది. వల్లి చెయ్యి జేబులో పెట్టుకుని నడుస్తుంటే, ఆ చేతికి మూరెడు దూరంలో వాళ్ళమ్మ ముక్కుపుడక ఊగుతోంది.

మార్కెట్టు పైఅంతస్తులో బాత్రూములు. టూరు మొదలైన రోజు నుంచి వాళ్ళకొక పద్ధతి ఉంది. ఒకరు లోపలికి వెళ్తే, ఇంకొకరు ఇద్దరి సామానూ పట్టుకుని తలుపు దగ్గర నిలబడాలి. చీరతో, సంచితో, నాతో ఆ ఇరుకులో పట్టరు కదా. వల్లి నన్ను విప్పి సుభ చేతుల మీద పడేసి, సంచి ఆమె భుజానికి తగిలించి, వెనక్కి చూడకుండా వెళ్ళేది. ఆ చూడకపోవడం నాకు నచ్చేది. సుభ నన్ను ఊరికే పట్టుకోదు. కాలరు మడత తిప్పి, కుట్టు మీద బొటనవేలు రాసి చూస్తుంది. "బాగా కుట్టాడు మహానుభావుడు" అనుకుంటుంది. ఆ వేళ్ళు ఇంకొంచెం కిందికి వస్తే బాగుండునని ఆ రోజు ఎంత అనుకున్నానో. రాలేదు. వల్లి వచ్చేసింది.

వంతెన మీద నది చూశారు. తాడుతో లాగే చిన్న రైలెక్కి కొండ మీది కోటకి వెళ్ళారు. తెల్లటి బురుజుల దగ్గర నలభై ఫోటోలు దిగారు. గాలికి సుభ శాలువా ఎగిరి ఒక జర్మనీ ముసలాయన మొహం మీద పడితే, ఇద్దరూ అతనికి క్షమాపణ చెప్పలేనంతగా నవ్వారు. నాకు ఆ రోజులో గుర్తుంచుకోవాలనిపించే ఆఖరి నవ్వు అదే.

కొండ దిగువన ఒక పాత కాఫీ హోటలు. అద్దాల గోడలు, పాలరాతి బల్లలు. ఉగ్గుగిన్నెడు కాఫీలు, ఏడు పొరల కేకు ముక్క ఒకటి, రెండు చెంచాలు వచ్చాయి. కేకుతో ఫోటో తీయమని వడ్డించే అమ్మాయికి సుభ ఫోనిచ్చింది.

"ఉండు, ముక్కు బోసిగా ఉంటుంది" అని వల్లి నా జేబులో చెయ్యి పెట్టింది.

ఒకసారి వెతికింది. రెండోసారి వెతికింది. జేబులోవన్నీ బల్ల మీద పోసింది. కాగితాలు, చిల్లర నాణేలు, విమానంలో ఇచ్చిన బిస్కెట్టు. ఎడమ జేబూ అంతే. సంచి బోర్లించింది. కారం పొట్లాలు కింద పడ్డాయి.

"లేదే. సుభా, లేదే."

సుభ అప్పటికే నేల మీద మోకాళ్ళ మీద ఉంది. ఫోను దీపం వేసుకుని బల్లల కింద, కుర్చీల కింద పాకుతోంది. చీర కుచ్చిళ్ళు ఊడుతున్నా పట్టించుకోలేదు. వడ్డించే అమ్మాయి కూడా వంగి వెతికింది. ఏం వెతుకుతోందో ఆ పిల్లకి తెలియదు, అయినా వెతికింది. వల్లి నన్ను నడుము దాకా తడిమింది. నడుము దాకానే. ముక్కుపుడక ఉన్నది అంచులో.

సుభ లేచి, చేతులు దులుపుకుని, నా వైపు చెయ్యి చాపింది. "కోటు ఇటివ్వవే, నే చూస్తా. లైనింగ్‌లోకి..."

వల్లి నన్ను గబుక్కున తన వైపు లాక్కుంది. "వద్దులే. నే చూశాగా."

అంతే. గట్టిగా కూడా అనలేదు. కానీ సుభ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఆ హోటల్లో నా లోపలిది అరనిమిషంలో కనిపెట్టగల చేతులు ఉన్నవి ఆమెకే. అవే చేతులు పొద్దున మార్కెట్టులో నన్ను పది నిమిషాలు పట్టుకున్నాయి. వల్లి కళ్ళు ఆ చేతుల మీద ఒక్క క్షణం ఆగి, పక్కకి తప్పుకున్నాయి. సుభ అది చూసింది. నేనూ చూశాను. కేకు ఎవరూ తినలేదు.

బయల్దేరే ముందు వల్లి బాత్రూముకి వెళ్ళాలంది. సుభ అలవాటుగా భుజం ముందుకి చాపింది, సంచి తగిలించుకోవడానికి. వల్లి సంచి తనే వేసుకుని, నా బొత్తాలన్నీ పెట్టుకుంది.

"ఫరవాలేదు. బరువేం లేదుగా" అంది.

తలుపు దగ్గర సుభ ఒట్టి చేతులతో నిలబడింది. ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు కాసేపు శాలువాలో దాచుకుంది, కాసేపు బయటికి తీసింది. మిగతా నాలుగు రోజులూ అంతే. బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. మాత్రలు వేసుకున్నావా అని ఒకరినొకరు అడిగారు. సంచులు మాత్రం ఎవరివి వాళ్ళే మోసుకున్నారు.

ఊరికొచ్చాక డ్రైవాష్ చేయించి నన్ను తిరిగి ఇచ్చేటప్పుడు వల్లి కళ్ళు తుడుచుకుంది.

"అమ్మ ముక్కుపుడక పోయిందండీ, వైదేహిగారూ."

"అయ్యో! ఎక్కడ పోయిందమ్మా?"

"ఏమోనండీ. కోటు విప్పి ఇంకొకరి చేతికిచ్చింది ఒక్కచోటే. ఎవరిని ఏమనగలం?"

ఎవరినీ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే నెల తిరక్కుండా నాలుగు వీధులు తిరిగింది. సాయంత్రం నడకకి వల్లి వేరే వీధి నుంచి వెళ్తోందని, సుభ మానేసిందని, వైదేహిగారి ఇంటికి కాఫీకి వచ్చిన ఆడవాళ్ళ మాటల్లో బీరువాలోంచి విన్నాను. కలరా ఉండల వాసనలో ముక్కుపుడకని మోస్తూ ఏడాది వేలాడాను.

మళ్ళీ చలికాలం టూర్ల రోజులు వచ్చాక, నన్ను దులపడానికి తీసిన వైదేహిగారి వేలు చిల్లులో దూరింది. ఆవిడ ఏమీ ఆలోచించలేదు. సంచిలో పెట్టి సుభకి పంపారు. గుంటూరులో నా లాంటి కోటుని విప్పి కుట్టగలిగింది ఆమె ఒక్కతే.

సుభ నన్ను మిషన్ మీద చూసి కాసేపు ముట్టుకోలేదు. తర్వాత కూర్చుంది. జేబు లోపలివైపు కుట్టాలంటే కింద అంచు దగ్గర లైనింగ్ విప్పి చెయ్యి పెట్టాలి. బ్లేడుతో జానెడు విప్పింది. నన్ను దులిపింది. ముక్కుపుడక ఆమె ఒడిలో పడింది.

ఆమె ఏడవలేదు. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఫోన్ తీసి వల్లి పేరు దాకా వెళ్ళింది. నొక్కు, నొక్కు అనుకున్నాను. వేలు ఆగిపోయింది. తన ఇంట్లో, తన బ్లేడుతో విప్పి, తన చేతిలో ఉన్నాక ఏమని చెబుతుంది? ఏడాదికి మనసు మార్చుకుని తిరిగిచ్చిందని అనరూ? మళ్ళీ లోపల పెట్టి, వల్లి ముందే విప్పి చూపిస్తే? ఈ మధ్య కోటు కుట్టింది ఎవరో పసిపిల్లలు కూడా చెబుతారు.

"అక్కడే నాకిచ్చుంటే సరిపోయేది కదే, వల్లీ" అంది. నాతో అనలేదు. నేను తప్ప వినేవాళ్ళు లేరు.

ముక్కుపుడకని నా అంచు మడతలో, అది పడుకున్న చోటే పెట్టింది. జేబు చిల్లు మూసింది. లైనింగ్‌ని చేతికుట్టుతో, చీమ అడుగులంత సన్నగా కుట్టి, దారం పంటితో తెంపింది. నేను తిరిగి వెళ్ళాక వైదేహిగారు కళ్ళద్దాలు పెట్టుకుని వెతికారు. "కుట్టు కనిపించనే లేదు! ఏం చెయ్యమ్మా ఆ సుభాషిణిది!" అన్నారు.

నిన్న వల్లి వచ్చింది. కాఫీ తాగింది. ముక్కుకి రాయి లేని చిన్న బంగారపు చుక్క. మెట్ల దాకా వెళ్ళి, "ముక్తినాథ్‌లో చలి బాగా ఉంటుందంటండీ" అంది. వైదేహిగారు బీరువా తాళం తీశారు.

ఇప్పుడు వల్లి ఇంట్లో కుర్చీ వీపున ఉన్నాను. ఇందాక నన్ను ఒకసారి వేసుకుని అద్దం ముందు తిరిగింది. చెయ్యి దానంతట అదే కుడి జేబులోకి వెళ్ళి, మూల తడిమి, ఒట్టిగా బయటికి వచ్చింది. తిరిగినప్పుడు నా అంచు ఆమె మోకాలికి తగిలింది. ఏదో గుచ్చుకున్నట్టు ఆమె వంగి చీర దులుపుకుంది.

రేపు ప్రయాణం. ఆ తర్వాత ముక్తినాథ్ కొండ ఎక్కుతాం. అడుగడుక్కీ తగులుతూనే ఉంటాను. నాకు చేతనైంది అంతే.