తులసమ్మ అడ్డపొగ

ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక రంగనాయకులు ఎవరి మాటా వినడు. తడి గోనెలో చుట్టిపెట్టిన పొగాకు కట్ట విప్పి, వరండాలో చాప మీద కూర్చుని, ఒక్కో ఆకూ తొడ మీద పరిచి ఈనె తీస్తాడు. ఆకు మరీ తడిగా ఉంటే చుట్ట కాలదు, మరీ ఎండితే చిట్లుతుంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలో కళ్లకు కాదు, వేళ్లకు తెలియాలంటాడు. అది గోదావరి లంకల్లో పండిన ఆకు. సింధనూరుకి కొబ్బరికాయలు తెచ్చే లారీ డ్రైవరు ధర్మతేజ దాన్ని సీటు కింద దాచి, కన్నబిడ్డలా భద్రంగా తెచ్చి ఇస్తాడు. నాయకులు కర్ణాటకలో గోరేబాళ దగ్గర, ఆంధ్రా రైతులు వేసుకున్న క్యాంపుకి కుర్రతనంలో వచ్చి, ఈ నల్లరేగడిలో వరి పండించడం నేర్చుకున్నాడు, జొన్నరొట్టె తినడం నేర్చుకున్నాడు, కన్నడంలో పోట్లాడడం కూడా నేర్చుకున్నాడు. చుట్ట దగ్గర మాత్రం రాజీ పడలేదు.

పెళ్లి ఒక్కటి చేసుకోలేదు. అడిగితే నాట్లయ్యాక చూద్దాం అనేవాడు. నాట్లయ్యేసరికి కోతలొచ్చేవి.

సాయంత్రం ఎండ వరండా దిగగానే స్నేహితులిద్దరూ వచ్చేవారు. ఒకడు బసన్న, గోరేబాళలో మందు కొట్టే పంపులు బాగుచేసే కొట్టు అతనిది. కన్నడం మనిషి, తెలుగు తనకు తోచినట్టు మాట్లాడతాడు. రెండోవాడు తిమ్మయ్య. తెలంగాణ సరిహద్దు పల్లెల నుంచి ఎప్పుడో వచ్చి కాలవ చివర నాలుగెకరాలు కొనుక్కున్న మనిషి. నీళ్లు అక్కడిదాకా వచ్చిన ఏడు పంట, రాని ఏడు ఓర్పు. భార్య పోయి చాలాకాలమైంది. నాయకులు ఎవరి నోరు ఎలాంటిదో ఎరిగి చుట్టేవాడు. బసన్నకి లావుగా, వదులుగా. తిమ్మయ్యకి సన్నగా, బిగువుగా. ముగ్గురూ మూడు కుర్చీల్లో వెనక్కి వాలి, మొదటి గుక్క లాగి కళ్లు మూసుకునేవారు. ఆ గుక్క కోసమే వారమంతా బతికినట్టు ఉండేవి ఆ మొహాలు.

ఆ వరండాలో చుట్ట కాలిస్తే పొగ ఊరికే పోదు. కాల్చేవాడి మనసులో ఏముంటే ఆ బొమ్మ కట్టి, కాసేపు దూలం కింద నిలిచి, ఆ తర్వాతే పోతుంది. కొన్ని ఇళ్లలో తేళ్లెక్కువ, కొన్ని ఇళ్లలో ఈగలెక్కువ, ఈ ఇంట్లో ఇదీ. షుగరు వచ్చాక భార్య ఆనందమ్మ ఓళిగలు, అంటే మన బొబ్బట్లు, బందు పెట్టింది గనక, బసన్న పొగ గుండ్రంగా, అంచుల్లోంచి నెయ్యి కారుతున్నట్టు ఓళిగల వరసై తేలేది. నాయకులు పొగలో వరిచేను, లేదా ఏదో ఒక రిపేరు. పాత ట్రాక్టరు అమ్మచూపడానికి సూగురేశ్ వచ్చినప్పుడు నాయకులు మర్యాదగా ఒక చుట్ట ఇచ్చాడు. బండి కొత్తపెళ్లికూతురిలా ఉందని సూగురేశ్ చెబుతుంటే, అతని పొగలో అదే బండిని నలుగురు బురదలోంచి తోస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. సూగురేశే ధర తగ్గించుకున్నాడు.

ఇక ఆ ఇంట్లో నాలుగో చుట్ట నాయకులు అక్క తులసమ్మది. ఆవిడకి కుర్చీ లేదు, గడపే కుర్చీ. చిన్నప్పుడే భీమిలి పక్క సముద్రపు ఒడ్డు పల్లెకి కోడలిగా వెళ్లింది. ఆ గాలికి చుట్ట నిలవదని అక్కడి ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. అత్తగారు నేర్పింది, కోడలు అత్తగారిని మించింది. భర్త పోయాక రెండు ట్రంకుపెట్టెలతో, ఈ అలవాటుతో తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. వంటింట్లో పొయ్యి దగ్గరే ముట్టించుకుని, నిప్పు లోపల పెట్టుకుని మరీ వరండా గడప మీదికి వచ్చేది. పొగంతా లోపలే. ఎప్పుడైనా ముక్కులోంచి సన్నటి పోగు ఒకటి బయటికొచ్చినా, అది బొమ్మ కట్టేలోపే కొంగుతో విసిరేసేది. అందుకని ఆ ఇంటికి వచ్చేవాళ్లందరి మనసులూ అందరికీ తెలుసు, తులసమ్మ మనసు మాత్రం తులసమ్మకే తెలుసు.

ఆవిడ ఆజ్ఞలు మాత్రం అందరికీ తెలుసు. కాలవ బురద ఇంట్లోకి రాకూడదు. వచ్చినవాళ్ల చెప్పులు ముందు మెట్ల కింద. ఇంటివాళ్ల చెప్పులు పెరట్లో, కుళాయి గట్టు పక్కన, కాళ్లు కడుక్కున్నాకే లోపలికి. తాసిల్దారు వచ్చినా ఇంతే.

ఊరంతా ఆవిడని తులసక్క అంటుంది. తిమ్మయ్య కూడా మొదట్లో అలాగే అనేవాడు. తర్వాత ఎప్పుడో మానేశాడు. వేరే ఏ పేరూ పెట్టి పిలవలేదు. "టీ కమ్మగుంది" అని గోడకి చెప్పేవాడు. ఆ రోజుల్లోనే అతని పొగ కూడా మారింది. అంతకు ముందు అందులో ఎండిన కాలవ కనిపించేది. ఇప్పుడు స్టీలు గ్లాసులు రెండు, పక్కపక్కన, ఒకదాని ఆవిరి ఇంకోదాని ఆవిరిలో కలుస్తూ. ప్రతి ఆదివారం అవే గ్లాసులు. నాయకులు చూసేవాడు, బసన్న చూసేవాడు, గడప మీద తులసమ్మ చూసేది. చూసి చుట్టని పళ్ల మధ్య బిగించేది.

బసన్న ఉండబట్టలేక ఒకసారి ఉపాయం పన్నాడు. నాయకులు చేత బొటనవేలంత లావు చుట్ట చుట్టించి ఆవిడకి ఇప్పించాడు. అంత లావుది లోపల నిప్పు పెట్టుకుని కాల్చడం అయ్యే పని కాదు, తిప్పి కాల్చక చస్తుందా అని. తులసమ్మ దాన్ని అటూ ఇటూ చూసింది. కత్తిపీట మీద నిలువునా చీల్చి, రెండు సన్నచుట్టలు చేసుకుని, రెండూ అడ్డంగానే కాల్చింది. బసన్న ఆ తర్వాత ఉపాయాల జోలికి పోలేదు.

నాట్లయిపోయిన ఒక ఆదివారం తిమ్మయ్య కొంచెం ముందే వచ్చాడు. ఉతికిన పంచె, గీసిన గడ్డం. మెట్ల కింద చెప్పులు విడిచాడు. ఎడమ చెప్పు పట్టీ తెగితే పచ్చ కరెంటు వైరుతో కట్టుకున్నవి అవి. కుర్చీలో కూర్చుని, చుట్ట ముట్టించకుండా వాసన చూస్తూ ఉండిపోయాడు.

"కమ్మగున్నది అన్నా," అన్నాడు నాయకులుతో. "ఇగ గిట్లాంటిది నాకు యాడ దొరుకుతది."

"ఏంటా మాట? వచ్చే ఆదివారం ఇంతకన్నా మంచి కట్ట వస్తోంది."

"వచ్చే ఐతారం నేనుండ. భూమి మహాంతేశ్‌కు కౌలుకిచ్చిన. బిడ్డ కీర్తి శక్తినగర్‌కు రమ్మంటున్నది. క్వార్టర్ల ఒక రూము ఖాలీ ఉన్నదంట. రేపు పొద్దుగాల బస్సుకు పోతున్న."

నాయకులు చేతిలో ఆకు చిట్లింది. అతను ఆకు చిట్లించడం బసన్న చూడడం అదే మొదటిసారి.

"నీ అల్లుడు దుర్గేశ్‌కి పొగ పడదల్లప్పా?" అన్నాడు బసన్న. "చుట్ట వదిలిబిట్టు ఏం చేస్తావక్కడ? టీవీ నోడుకుంటా కూసుంటావా?"

"మానేస్త తియ్. ఒక్కనికి వండుకునుడు, ఒక్కనికి బోళ్లు తోముకునుడు. ఎన్ని దినాలని? ఈడ నాకు ఎవరున్నరు?"

ఆ మాట గోడకే చెప్పాడు. గడప మీద తులసమ్మ కదల్లేదు. శక్తినగర్ ఆదివారం ఆదివారం వచ్చిపోయేంత పక్కూరు కాదని అందరికీ తెలుసు. ఈ మనిషి రేపు బస్సెక్కితే ఇక పెళ్లిళ్లకీ చావులకీ కనిపించడమే.

తిమ్మయ్య చుట్ట ముట్టించాడు. మొదటి గుక్క వదిలాడు. దూలం కింద పొగ మెల్లగా కూడుకుంది. రెండు గ్లాసులు లేవు. ఒకటే గ్లాసు. అది కూడా కడిగి బోర్లించినది.

బసన్న ఓళిగ సగంలోనే విరిగిపోయింది. తులసమ్మ ఆ బోర్లించిన గ్లాసు వైపు చూస్తూ, నోట్లోంచి చుట్ట తీసి చేత్తో పట్టుకుంది. ఆవిడకి గుండెల్లో మంటగా ఉంది. అది నిప్పు వల్ల కాదు. పరాయి కులం, పరాయి యాస, ఈ వయసులో ఇదేం పోగాలమని పక్కింటి నింగవ్వ మొదలు ఊరంతా అంటుంది. అననీ. ఆవిడ భయం ఊరు కాదు. తను లేకపోతే ఉప్పు ఎక్కడుందో తెలియని ఈ తమ్ముడు.

"ఒరే తమ్ముడూ," అంది.

"ఏంటక్కా?"

"ఒకటి అడుగుతాను. నోటితో చెప్పకు. నోటితో నువ్వు నాకోసం ఎన్ని అబద్ధాలైనా ఆడతావు. చుట్టతో చెప్పు."

"అడుగు."

"ఈ ఇంట్లో ఇంకో మనిషి ఉంటే నీకు ఇరుకవుతుందా?"

తిమ్మయ్య కళ్లెత్తలేదు. పంచె అంచు మడతపెడుతూ కూర్చున్నాడు. నాయకులు చుట్ట నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు. అతనికి భయమేసింది. ఇరుకు కాదని అనుకుంటున్నాడుగానీ, మనసు అడుగున ఏముందో తనకీ పూర్తిగా తెలియదు. అక్కని పంచుకోవడం ఇష్టం లేదనే బొమ్మ వస్తే ఈ ముగ్గురి మొహాలూ ఎలా చూడాలి? అయినా అడిగింది అక్క. గట్టిగా లాగి వదిలాడు.

పొగలో కాలిపోయిన బోరు మోటారు వచ్చింది.

"అది కాదక్కా," అన్నాడు కంగారుగా. "పొద్దుట్నుంచీ అదే బుర్రలో ఉంది. ఇంకోసారి."

బసన్న నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాయకులు కళ్లు మూసుకుని రెండోసారి లాగాడు. ఈసారి పొగ తొందరపడలేదు. దూలం కింద పరుచుకుని, ఈ వరండానే అయింది. అందులో ఆదివారం సాయంత్రం. కుర్చీలు మూడు కాదు, నాలుగు. గడప ఖాళీగా ఉంది.

తులసమ్మ ఆ నాలుగో కుర్చీని చూసింది. అది విడిపోయి చెదిరిపోయేదాకా చూసింది. కళ్లు తుడుచుకోలేదు, తడిసిన సంగతి దాచుకోనూ లేదు. చేతిలో చుట్ట ఆరలేదు, చివర ఎర్రగానే ఉంది. దాన్ని వేళ్ల మధ్య తిప్పింది. ఈ క్యాంపుకి వచ్చాక మొదటిసారి, నిప్పు బయటికి పెట్టి, రెండో కొస పెదాల మధ్య పెట్టుకుని లాగింది.

వచ్చిన పొగ ఒక్కరిది కాదన్నట్టు వచ్చింది. ఎన్నాళ్లుగా లోపల ఉందో, ఉప్పు చేపల తట్టలు, అత్తగారి ముక్కుపుడక, ఒడ్డుకు లాగిన పడవ, అన్నీ తోసుకుంటూ వచ్చి దూలం మీదుగా బయటికి వెళ్లిపోయాయి. చివరికి ఒక బొమ్మ మిగిలింది. అది పెరట్లో కుళాయి గట్టు. గట్టు పక్కన తులసమ్మ చెప్పులు, వాటి పక్కన నాయకులు పొలం బూట్లు, వాటి పక్కన మూడో జత. ఎడమ పట్టీకి వైరు కట్టి ఉంది. పొగకి రంగుండదు. అయినా ఆ వైరు పచ్చదని అందరికీ తెలుస్తూనే ఉంది.

తిమ్మయ్య దాన్ని చూశాడు. చుట్టని జాగ్రత్తగా కుర్చీ చేతి మీద ఆనించి, లేచి, మెట్లు దిగాడు. కింద ఉన్న చెప్పుల్ని కాళ్లకి తొడుక్కోలేదు. చేత్తో పట్టుకుని, వట్టికాళ్లతో, ఇంటి పక్క సందులోంచి పెరటి వైపు నడిచాడు.

వరండాలో ముగ్గురూ చెవులు రిక్కించి కూర్చున్నారు. గట్టు పక్కన చెప్పులు పెట్టిన చప్పుడు. కుళాయి తిప్పిన చప్పుడు. ఆ నీళ్లు చాలాసేపు పడ్డాయి. అంత బురద ఆ కాళ్లకి లేదు.

"ఆనందమ్మకి చెప్పాలి," అన్నాడు బసన్న మెల్లగా. "పెళ్లి భోజనంల ఓళిగ తినుడు తప్పదని."

"మోటారు కూడా బాగుచేయించాలి," అన్నాడు నాయకులు.

అంతలో పెరట్లోంచి తిమ్మయ్య గొంతు వినిపించింది. ఈసారి గోడకి చెప్పలేదు.

"తులసమ్మా, తువ్వాల యాడున్నది?"

తులసమ్మ గడప మీంచి లేచింది. చుట్ట మళ్లీ తిప్పి, నిప్పు నోట్లో పెట్టుకుని, "ఊ" అంటూ దండెం మీది తువ్వాలు అందుకుని పెరటి వైపు నడిచింది.