ఎడమ పక్క మొదటి వీధి

అక్క ఇంట్లో ఉండి చదువుకోవడం అదృష్టమని అందరూ అన్నారు. అన్నవాళ్ళెవరూ ఆ ఇంట్లో ఉండలేదు. చదువు కోసం పరాయి దేశం వచ్చిన చెల్లెలికి అక్క ఒక గది ఇచ్చింది, గదితోపాటు రెండేళ్ళ కొడుకునీ ఇచ్చింది. వాడి స్నానం, వాడి అన్నం, వాడి జలుబు, వాడి నిద్ర అన్నీ పిన్నివే. అక్క ఉద్యోగం నుంచి వచ్చి, కొడుకును ముద్దుపెట్టుకుని, "నా బంగారం, పిన్నిని ఏడిపించావా?" అని అడిగి టీవీ ముందు కూర్చునేది. ముద్దులు తల్లివి, ముక్కు తుడవడం పిన్నిది.

చెల్లెలిది ఫిజియోథెరపీ చదువు. ఆఖర్న ఏదైనా క్లినిక్కులో శిక్షణ పూర్తిచేస్తే గాని పట్టా రాదు. ఆమెకు దొరికిన క్లినిక్కు ఊరికి చాలా దూరం. ఉండడానికి గది వాళ్ళే ఇస్తారు, కారూ వాళ్ళదే. పక్షవాతం వచ్చి మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకు ఆ కారులో వెళ్ళి, కాళ్ళూ చేతులూ ఆడించి రావాలి. అందుకు ఇక్కడి డ్రైవింగు లైసెన్సు కావాలి. సొంత ఊళ్ళో మైదానంలో ఎనిమిది అంకె వేసి తెచ్చుకున్న లైసెన్సు ఇక్కడ ఏడాది దాటాక చిత్తుకాగితం. శిక్షణ మొదలయ్యే సోమవారానికి కొత్తది చేతిలో లేకపోతే ఆ చోటు వరసలో ఉన్న తర్వాతి విద్యార్థికి పోతుంది. ఆమె మళ్ళీ ఏడాది ఆగాలి. ఆ ఏడాదీ ఎక్కడ ఆగాలో వేరే చెప్పక్కర్లేదు.

కారు నేర్పింది బావ. సరుకుల వ్యాను నడుపుతాడు. నోరు పెద్దదే గాని మనసు చెడ్డది కాదని అందరూ అనుకునే మనిషి. ఆదివారాలు ఒక మూతపడ్డ దుకాణం వెనకున్న ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి, పక్కన కూర్చుని అరిచేవాడు.

"అద్దం చూడు డాక్టరమ్మా, అద్దం! మొహం చూసుకోడానికి కాదది, వెనకాల ఎవడొస్తున్నాడో చూడ్డానికి."

"చూశాను బావా."

"నువ్వు చూస్తే చాలదు. చూసినట్టు ఆఫీసరుకి తెలియాలి. మెడ తిప్పు!"

ఆమె తిట్లు తింటూనే నేర్చుకుంది. చిన్నప్పటి నుంచీ ఆమె చదువంతా అలాగే సాగింది. మాస్టారు చెప్పాక ఎందుకని అడక్కూడదు. పెద్దవాళ్ళు లెమ్మంటే లేవాలి, కూర్చోమంటే కూర్చోవాలి. అలా లేచీ కూర్చునీ మంచిపిల్ల అని పేరు తెచ్చుకుంది. ఆ పేరు ఆమెకు ఏనాడూ అన్నం పెట్టలేదు.

పరీక్ష శుక్రవారం. బావ ఆ వారమంతా వ్యానుతో వేరే ఊళ్ళలో ఉన్నాడు. ముందురోజు సాయంత్రం చెల్లెలి ఫోనుకు ఫోను చేశాడు. ఆమె అప్పుడు పిల్లవాడికి ఒళ్ళు రుద్దుతోంది. అక్క ఫోను తీసి చాలాసేపు విన్నది. "సరే, చెప్తాలే," అని పెట్టేసి, వచ్చి స్నానాలగది గుమ్మంలో నిలబడింది.

"మీ బావే. రేపు కంగారు పడొద్దన్నాడు."

"ఇంకేమన్నాడక్కా?"

"ఏముంది, ఆఫీసరు చెప్పింది చెప్పినట్టు చెయ్యమన్నాడు. కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. ఆలోచిస్తూ కూర్చున్నావంటే భయపడుతున్నావనుకుని ఫెయిల్ చేసేస్తారట."

చెల్లెలు తల ఊపింది. అక్క మాట వినడం ఆమెకు కొత్తేమీ కాదు.

ఆఫీసరు తల నెరిసిన పెద్దాయన, మర్యాదస్థుడు. ఆమె కారు వెనక్కి తీసింది, రెండు కార్ల మధ్య చక్కగా నిలిపింది, నొప్పి పుట్టేదాకా మెడ తిప్పింది. ఆయన మొహంలో ఎక్కడా చిరాకు లేదు. పరీక్ష చాలావరకు అయిపోయింది. పెద్ద రోడ్డు మీదికి వచ్చాక, "ఎడమకు తిరగడానికి వీలున్న మొదటి చోట తిరగండి," అన్నాడు.

మొదటి వీధి వచ్చింది. దాని మొదట్లో ఎర్రటి పలక, పలక మధ్య తెల్లటి పట్టీ. లోపలికి వెళ్ళకూడదని అర్థం. ఆ అర్థం ఆమెకు తెలుసు, పలక కనిపించింది కూడా. కాని పక్కనున్నది పెద్దాయన, తిరగమన్నాడు, ఆలోచించకూడదని అక్క చెప్పింది. సిగ్నలు వేసింది, అద్దం చూసింది, మెడ తిప్పింది. అన్నీ పద్ధతిగా చేసి, తిరగకూడని వీధిలోకి తిరిగింది.

పరీక్ష కారుకు ఆఫీసరు వైపూ ఒక బ్రేకు ఉంటుంది. ఆయన దాన్ని తొక్కాడు.

"ఆ పలక చూడలేదా?"

"చూశానండీ."

"మరి?"

"మీరు తిరగమన్నారు కదండీ."

ఆయన ఆమె వంక జాలిగా చూశాడు. "వీలున్న చోట అన్నానమ్మా. రేపు రోగుల ఇళ్ళకు వెళ్ళేటప్పుడు చెప్పడానికి పక్కన నేనుండను కదా," అన్నాడు. మళ్ళీ పరీక్షకు నెల ఆగాలని కూడా చెప్పాడు.

బస్సు కోసం నిలబడినచోటి నుంచే ఆమె క్లినిక్కుకు ఫోను చేసింది. అక్కడి పెద్ద డాక్టరమ్మ చాలా బాధపడింది. బాధపడుతూనే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేసింది.

సాయంత్రం బావ వచ్చాడు. బూట్లు విప్పుకుంటూనే అడిగాడు.

"ఏం డాక్టరమ్మా, ఆ మొదటి వీధిలో పడ్డావా, తప్పించుకున్నావా?"

"నీకెలా తెలుసు బావా?"

"అందర్నీ అక్కడే పడేస్తారు. మొదటిసారి నేనూ అక్కడే పోయా. తిరక్కుండా రెండో వీధికి పొమ్మని మీ అక్కకి ఫోన్లో చెప్పాగా! చెప్పిందే చెప్పి విసిగించా కూడా."

ఇద్దరూ అక్క వైపు చూశారు. అక్క సోఫాలో కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"నేను చెప్పలేదు," అంది.

మర్చిపోయానని అబద్ధమైనా ఆడి ఉండొచ్చు. చెల్లెలి కోసం ఆ మాత్రం శ్రమ కూడా దండగ అనుకుంది కాబోలు.

"ఎందుకక్కా?"

"ఎందుకేమిటే? నువ్వెళ్ళిపోతే వీణ్ణెవరు చూస్తారు? నన్ను ఉద్యోగం మానుకోమంటావా? ఒక్క ఏడాదేగా, కొంపలేం మునిగిపోవు. నిన్ను కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నా, అక్క కోసం ఆ మాత్రం చెయ్యలేవూ?"

బావ నోరు తెరిచాడు. కారు అద్దాలు అదిరేలా అరిచే నోరది. ఆయన పెళ్ళాం వంక చూశాడు, నేల మీద ఆడుకుంటున్న కొడుకు వంక చూశాడు. లెక్క ఆయనకూ కుదిరింది.

"సర్లే, అయిందేదో అయింది. అన్నాలు పెట్టండి," అన్నాడు.

చెల్లెలు తన గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఈ దేశంలో ఆమెకు తెలిసిన గుమ్మం ఇదొక్కటే. అక్కను ఏమైనా అంటే ఆ గుమ్మం కూడా ఉండదు. కోపం కక్కలేక మింగలేక అలా కూర్చుని ఉండగా పిల్లవాడు తలుపు తోసుకుని వచ్చాడు.

"పిన్నీ, బువ్వ," అని ఆమె మోకాలు పట్టుకుని లాగాడు.

ఆమె వాణ్ణి కొట్టింది. ఇన్నాళ్ళలో ఎప్పుడూ కొట్టనిది, లేత తొడ మీద వేళ్ళు తేలేలా కొట్టింది. అత్త మీది కోపం దుత్త మీద చూపించిందని నవ్వుతూ చెప్పుకుంటారు. దుత్తకు నొప్పి తెలియదు కాబట్టి నవ్వుకోవచ్చు. పిల్లవాడు మొదట నమ్మలేనట్టు చూసి, ఆ తర్వాత ఊపిరాడనంతగా ఏడ్చాడు.

"ఏమైందే వాడికి?" అని హాల్లోంచి అక్క కేకేసింది, లేచి మాత్రం రాలేదు.

తల్లి గొంతు వినపడినా వాడు అటు తిరగలేదు. రెండు చేతులూ పైకెత్తి, కొట్టిన మనిషి మీదికే వచ్చాడు. ఆమె ఎత్తుకుంది. వాడు ఆమె భుజం మీద తల ఆనించి, "పిన్ని కొట్టింది, పిన్ని కొట్టింది," అని పిన్నికే చెప్పుకుని ఏడ్చాడు.