మొదటి సీసా

పచ్చ చీటీ అంటించిన నిమ్మ సోడాలో చక్కెర కొలిచే గాజు గొట్టం పదకొండో గీత దగ్గర తేలి నిలబడేసరికి సోడా షెడ్డు వాళ్ళ కోడలు వంగి గీతను మళ్ళీ చూసింది.

ఐదు దాటకూడదు. దాటితే ఎర్ర చీటీ అంటించి, సీసాకింత అని చక్కెర పన్ను కట్టాలి. నిరుడు వచ్చిన చట్టం అది. గ్యాసు పోయేదాకా సోడాను గరిటెతో గిలక్కొట్టి ఆమె మళ్ళీ కొలిచింది. పదకొండే.

ఆ సీసా తెచ్చింది పక్క వీధి దర్జీ భార్య. కత్తెరన్న అని అందరూ పిలిచే ఆ దర్జీకి షుగరు జబ్బు. నిన్న మధ్యాహ్నం కుడుతూ కుడుతూ మిషను మీదే ఒరిగిపోయాడు. ఆసుపత్రిలో ఇంకా స్పృహ రాలేదు.

"ఈ ఎండలకి రోజుకి మూడు తాగాడు వదినా. నేను అరిస్తే, పచ్చ చీటీదే, నన్నేం చెయ్యదు, నీ నోరే నాకు చేదు అన్నాడు." ఆమె ఏడవడం లేదు. "ఇందులో చక్కెర ఎంతుందో చెప్పు. డాక్టరు అడుగుతున్నాడు."

కోడలు గొట్టం తీసి పక్కన పెట్టింది.

"చీటీ అబద్ధం వదినా. రెండింతలకు పైనే ఉంది. పరిగెత్తు, అదే చెప్పు."

సోడా షెడ్డులో కిటికీ గట్టు మీద వారం రోజుల మొదటి సీసాలు వరసగా ఉన్నాయి. తొట్టిలో నీళ్ళూ పాకం కలిశాక నింపిన మొట్టమొదటి సీసాను ఏ రోజుకారోజు ఆమే కొలిచి, దానితో పాటే నింపిన జోడు సీసాకు తేదీ రాసి అక్కడ పెడుతుంది. ఇవాళ అన్నీ విప్పింది. నాలుగున్నర. నాలుగున్నర. నాలుగుముప్పావు. ఒక్కటీ ఐదు దాటలేదు.

అంటే మొదటి సీసా నిండాకే తొట్టిలో పాకం పడుతోంది. ఆమె అది పట్టుకుని కిటికీ వైపు తిరిగిన ఆ కాసేపట్లో. ఆమె కొలిచేది మొదటి సీసానేనని తెలిసి, ఆ సమయంలో తొట్టి దగ్గర ఉండేవాళ్ళు ఇద్దరే: మూతలు బిగించే భర్త, తొట్టి కలిపే మామయ్య.

భర్త బయట బండికి పెట్టెలెత్తుతున్నాడు.

"నువ్వు కలిపావా?"

"నేనా? నా టీలో చక్కెర ఎంతో కూడా నువ్వే చెప్పాలి." విషయం విన్నాక అతని నవ్వు ఆగిపోయింది. "మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. ఎప్పట్లాగే మొదటి సీసా చేతిలో పెట్టు. లైసెన్సు నీ పేరు మీదుంది. అది పోతే మనం తాగి బతకాల్సింది గ్యాసే."

"పెట్టెలు దించు."

"మూడొందల సీసాలున్నాయి!"

"దించు. అమ్మినవి కూడా కొట్టుకొట్టుకీ తిరిగి పట్టుకురా. ఇంకెవరైనా పడిపోకముందే."

అతను ఆమె మొహంలోకి చూసి, పెట్టెలు దించాడు.

రెండింటికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. అలవాటుగా కిటికీ గట్టు వైపు చెయ్యి చాచింది. కోడలు ఆ చేతిలో పెట్టె మధ్యలోంచి లాగిన సీసా పెట్టింది.

గొట్టం పదకొండు చూపించింది.

"పచ్చ చీటీ మీద పదకొండా? మీ దగ్గర ఇలా ఎప్పుడూ లేదే." ఇన్‌స్పెక్టరమ్మ కాగితం తీసింది. "లైసెన్సు మీదేగా. ఎవరి పని?"

కోడలు నోరు తెరిచింది. తన పేరు చెబుదామనే అనుకుంది. ఈలోగా తొట్టి వెనక నుంచి మామయ్య తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆ పిల్లనడక్కమ్మా. నేనే పోశాను. తను అటు తిరగ్గానే, రోజూ రెండు చెంబుల పాకం. చక్కెర తగ్గిస్తే కూలీవాళ్ళు ఒక గుక్క తాగి సీసా పక్కన పెట్టారు. ఎర్ర చీటీ పెడితే రేటు చూసి ముట్టుకోలేదు. పెద్ద కంపెనీ వాడు చక్కెర తీసేసి ఇంకేదో తీపి మందు కలిపాడు, రుచి చెడలేదు, పన్నూ పడలేదు. వాడికి కనిపెట్టి పెట్టేవాళ్ళున్నారు. నాకున్నది గరిటె. మా బోటివాళ్ళకీ, మా దగ్గర తాగేవాళ్ళకీ పడిన పన్నిది, ఇది అన్యాయం అనుకున్నాను. ఇప్పుడూ అదే అంటాను. కానీ కత్తెరోడు మొన్న ఇక్కడికే వచ్చి, ఇదే గుమ్మంలో నిలబడి, 'బాబాయ్, తియ్యగా ఉంది, నాకు పరవాలేదంటావా?' అని అడిగాడు. వాడి జబ్బు సంగతి నాకు తెలుసు. కాదంటే నా గుట్టు బయటపడుతుంది. 'పచ్చ చీటీ ఉందిగా, తాగరా' అన్నాను. ఆ మాట నా చేత ఏ సర్కారూ అనిపించలేదమ్మా. నేనే అన్నాను."